వంతు అన్నం, ఇంటికి కబురు

నేను యుద్ధ నియమాలు పాఠం చెబుతాను. చెప్పేది అనంతపురంలో. మాకు సముద్రం లేదు, యుద్ధం లేదు, ఎండాకాలమైతే కుళాయిలో నీళ్ళు కూడా ఉండవు. లా కాలేజీలో చివరి ఏడాది పిల్లలకు, సరిగ్గా మధ్యాహ్నం భోజనాలయ్యాక నా పీరియడ్ వేస్తారు. చేతికి చిక్కినవాణ్ణి చంపకూడదు, ఆకలికి మాడ్చకూడదు, నలుగురి ముందు నవ్వులపాలు చేయకూడదు, బతికే ఉన్నానని ఇంటికి కబురు పంపుకోనివ్వాలి అని నేను చెబుతుంటే సగం మంది ఆవులిస్తారు. మిగిలిన సగంలోంచి ఎవరో ఒకరు ఏటా లేచి అదే ప్రశ్న వేస్తారు. "ఇవన్నీ ఎవరు పాటిస్తారు మేడం?" ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండుతుంది. జవాబు ఉంది, కాకపోతే కాస్త పొడుగు. సగంలో ఉండగానే బెల్లు కొట్టేస్తారు.

డిసెంబరులో పరీక్షలు అయిపోయాక కృష్ణా జిల్లా చిట్టచివర, సముద్రానికి ఆనుకుని ఉన్న ఒక పల్లెకు వెళ్ళివచ్చాను. ఆ ఊరి పేరు రాయను. ఎందుకు రాయలేదో చదివాక మీకే తెలుస్తుంది. మనుషుల పేర్లు కూడా మార్చాను. తిన్న తిండి, పడ్డ తిప్పలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే చెబుతాను.

గవర్నర్‌పేట

సుగుణ నాతో లా చదివింది. ఇప్పుడు విజయవాడలో వకీలు. గవర్నర్‌పేటలో ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ కొట్టు మీద ఆమె ఆఫీసు. కింద వైరు చుట్టలు దించే ట్రాలీ ఆటోలు, ఒకరి మీద ఒకరు పోటీపడి కొట్టే హారన్లు. నేను మెట్లెక్కి వెళ్ళేసరికి కుడికాలికి సిమెంటు కట్టుతో, ఆ కాలిని ఎదుటి కుర్చీ మీద ఉంచుకుని ఇడ్లీ తింటోంది.

"కోర్టు మెట్ల మీద జారాను. నవ్వావంటే చంపేస్తా," అంది.

నవ్వాను. చంపలేదు, నాకూ ఒక ప్లేటు తెప్పించింది. వేడి ఇడ్లీ మీద నెయ్యి, కారప్పొడి. మా ఊళ్ళో ఇడ్లీకి చట్నీ అడగకుండానే గరిటెలతో పోస్తారు. ఇక్కడ కారప్పొడిలో గుంట చేసి నెయ్యి పోసి, అందులో ముంచుకుని తినడం ఒక పద్ధతి. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. రెండో ప్లేటు కూడా తిన్నాను.

తింటుండగానే సుగుణ సంగతి చెప్పింది. నాగాయలంక దిగువన ఒక చేపల పల్లెలో సాంబశివుడని ఒకతను. మొదట వేటకు పోయేవాడు. తర్వాత సరుకుల ఓడలో వంటమనిషిగా చేరాడు. వేరే దేశాల వాళ్ళు కొట్టుకుంటున్న ఒక సముద్రంలో ఆ ఓడ వెళుతుంటే ఒక సాయుధ దళం దాన్ని పట్టుకుంది. లోపలివాళ్ళను ఒడ్డుకు దించి ఎక్కడో ఉంచింది. వాళ్ళలో ఒక్కడు కూడా సైనికుడు కాడు. నెలలు గడిచాక ఆ దళం వాళ్ళు సాంబశివుడి చేత ఏదో చదివించి వీడియో వదిలారు. ఆ తర్వాత ఇంకేమీ లేదు. అతని భార్య నాంచారమ్మ అడిగేది ఒక్కటే. విడిచిపెట్టేదాకా ఎంత కాలమైనా ఓర్చుకుంటాను, ముందు ఒక్కసారి ఫోన్లో మాట్లాడించండి అని.

"బందీల్ని చూసి వచ్చే సేవాసంస్థ వాళ్ళు ఒప్పుకున్నారు. భార్య మాటలు రికార్డు చేసి పంపితే ఆ దళం వాళ్ళకు వినిపిస్తామన్నారు. ఈ వారంలోనే పంపాలి. ఆమె బెజవాడ రానంటోంది. ఒకసారి టీవీ వాళ్ళు పిలిచి, సరిగ్గా ఏడవలేదని మళ్ళీ మళ్ళీ ఏడిపించారట. నా కాలు చూశావుగా. నువ్వెళ్ళు."

చదివించాల్సిన మాటలు తనే రాసి పెట్టింది. రెండు పేజీలు, 'సవినయముగా విన్నవించుకొనునది' అని మొదలు. నేను ఏమీ అనలేదు. నెయ్యి ఇడ్లీ పెట్టిన మనిషి.

ఉయ్యూరు

అనంతపురం కండక్టరు "బిర్న దిగమ్మా" అని తరుముతాడు. ఇక్కడి కండక్టరు చిల్లర లేదని కసురుకునేటప్పుడు కూడా "అండీ" తగిలిస్తాడు. తిడుతున్నాడో గౌరవిస్తున్నాడో తేల్చుకోడానికి నాకు కొంచెం సేపు పట్టింది. రోడ్డు పక్కనే కాలువ. కాలువ కనిపించినప్పుడల్లా నా తల అటు తిరిగిపోతుంది, మా జిల్లా వాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. ఇన్ని నీళ్ళు అలా ఊరికే పోతుంటే ఎవరూ పట్టించుకోకుండా సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు.

ఉయ్యూరు వస్తోందని ముక్కుకు ముందు తెలుస్తుంది. చక్కెర ఫ్యాక్టరీ నుంచి బెల్లం పులిసినట్టు ఒక వాసన. చెరకు ట్రాక్టర్లు అడ్డం వచ్చి బస్సు ఆగిపోతే దిగి, అల్లం, నిమ్మకాయ వేసిన చెరకు రసం తాగాను. గ్లాసు ఇరవై రూపాయలు, ఐసు వద్దంటే గ్లాసు నిండా రసమే పోసింది బండి ఆవిడ.

నా పక్క సీట్లో ఒక పెద్దాయన, రిటైరైన హెడ్మాస్టరు. ఎక్కడికి, ఎవరి తాలూకు, ఎందుకు అని వరసగా అడిగారు. ఓడ సంగతి చెప్పగానే, "అయ్యో, ఆ వీడియో నాకూ వచ్చిందండీ!" అని ఫోను తీసి పెద్ద సౌండుతో పెట్టారు. ముందు సీటు వాళ్ళు వెనక్కి తిరిగారు, వెనక వాళ్ళు ముందుకు వంగారు. గుండు గీసిన ఒక మనిషి గోడకు ఆనుకుని కూర్చుని, ఒళ్ళో కాగితం చూస్తూ ఇంగ్లీషులో తడబడుతూ చదువుతున్నాడు. మధ్యలో ఎవరో నీళ్ళ సీసా ఇచ్చారు. తాగే ముందు అతను పక్కకు చూశాడు, తాగవచ్చా అన్నట్టు. ఆ వీడియో మీద ఎవరో విషాదగీతం కూడా అతికించారు.

"తీసేయండి మాస్టారూ," అన్నాను.

"అదేంటండీ, పాపం అనే కదా నలుగురికీ పంపాను."

"పాపం అనే పంపారు. అతని పెళ్ళాం చేపల మార్కెట్లో ఎవరిదో స్టేటస్‌లో చూసి తెలుసుకుంది. బందీని ఇలా అందరికీ చూపించకూడదని నియమం ఉంది. వాళ్ళు తప్పు చేసి చూపించారు. మనం ఎందుకు చూపించడం?"

నా గొంతు క్లాసులో కన్నా గట్టిగా ఉందనుకుంటాను, కండక్టరు కూడా తిరిగి చూశాడు. ఆయన ముఖం చిన్నబుచ్చుకుని ఫోను జేబులో పెట్టుకున్నారు. కాసేపటికి మళ్ళీ తీసి, కళ్ళజోడు సర్దుకుని, వీడియో తీసేయమని ఒక్కొక్కరికీ మెసేజీ పెట్టడం మొదలుపెట్టారు. పామర్రు దాకా పెడుతూనే ఉన్నారు. మంచి మనిషి, పేరు అడగడం మర్చిపోయాను.

పామర్రు

దిగుతుంటే చెప్పు తెగింది. కోతలు అయిపోయిన రోజులు, రోడ్డుకు ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉంది. ఒంటిచెప్పుతో ఆ గింజల పక్కన కుంటుకుంటూ ఒక కొట్టు చేరాను. నా సైజు హవాయి చెప్పులు లేవట. ఒక అంకె పెద్దవి ఇచ్చి, "రేపటికి కాళ్ళు పెరుగుతాయిలెండి," అన్నాడు కొట్టతను. నూట ముప్పై తీసుకుని ఆ మాట ఊరికే ఇచ్చాడు. అక్కడే మినప గారె, టీ. గారెలో మిరియం తగిలింది, మా వైపు గారెలో తగిలేది పచ్చిమిరపకాయ.

ఈ ఊరు దాటాక చేలు తప్ప ఇంకేమీ కనబడవు. కోసిన మళ్ళలో మినుము మొలకలు పచ్చగా లేచాయి. ఒక పంట నేల మీద ఉండగానే ఇంకోటి చల్లేస్తారని పక్కావిడ చెప్పింది. నాకు నిజంగా అసూయ కలిగింది.

రేవు దాటాక

నాగాయలంక తర్వాత బస్సు మానేసి ఆటో, ఆటో మానేసి పంటు. రెండు పడవలను కలిపి మీద బల్లలు పరిచిందాన్ని పంటు అంటారు. మనుషులు, మోటారు సైకిళ్ళు, ఒక బర్రె, నేను. అటూ ఇటూ మడచెట్లు నీళ్ళలోనే నిలబడి ఉన్నాయి. దిగిన చోట మోకాలి లోతు బురద. పెద్ద సైజు చెప్పుల్లో ఒకటి అక్కడే సమర్పించుకున్నాను. వంగి వెతుకుతుంటే బర్రె కూడా ఆగి నా వైపు చూసింది.

ఊరు ఊరంతా ఒడ్డున ఉంది. నీలం రంగు పడవ ఒకటి ఇసుక మీదికి లాగి, ఇంజను ఊడదీసి పక్కన పెట్టారు. నేను కనబడగానే మాటలు ఆగిపోయాయి. కోటయ్య గారని, ఊరి పెద్దల్లో ఒకాయన, తుండు భుజాన సర్దుకుంటూ ఎదురొచ్చారు.

"ఫిషరీసోళ్ళాండీ?"

"కాదండీ. నాంచారమ్మ గారి కోసం. సుగుణ గారు పంపారు."

ఆయన ఊపిరి వదిలారు. "లాయరమ్మ గారా! ముందు మంచినీళ్ళు తాగండి. అన్నం తిన్నారా?"

ఈ పడవ ఎవరిదని అడిగితే దాచలేదు. పాయకు అవతలి ఊరి పడవ. వీళ్ళు కట్టిన వలల మీదుగా వాళ్ళు లాగుడు వల లాక్కుపోయారు. నాలుగిళ్ళ వలలు చిరిగిపోయాయి. ఆ రోజు తెల్లవారుజామున వెంటపడి పడవతో పాటు ముగ్గురు మనుషుల్నీ పట్టి తెచ్చారు. చేపలు వేలం వేసే షెడ్డులో కూర్చోబెట్టారు. అవతలి ఊరి పెద్దలు వచ్చి మాట్లాడుకునేదాకా అక్కడే.

"మనుషుల్ని ఇలా పట్టి ఉంచడం నేరం కోటయ్య గారూ," అన్నాను. అనకుండా ఉండలేను, అది నా జబ్బు.

"తెలుసండీ. పోలీసులకి చెబితే రెండూళ్ళ పడవలూ ఠాణాలో పడుంటాయి, పిల్లలు పస్తు. మా తాతల నాటి నుంచీ ఇంతే. వాళ్ళూ మమ్మల్ని పట్టారు, మేవూ వాళ్ళని పట్టాం. కానీ పద్ధతి ఉందండీ. చెయ్యి చేసుకోకూడదు. పూటకో ఇల్లు వంతున అన్నం పెట్టాలి. మనం ఏది తింటే అదే పెట్టాలి."

ఈ పద్ధతిని మెచ్చుకోవాలో, తప్పుపట్టాలో నాకు తోచలేదు. రెండూ చేశాను, ఆయన రెండూ విన్నారు.

నాంచారమ్మ ఇల్లు

రేకుల కప్పు, ముందు వేపచెట్టు, పక్కింట్లో మరిది శ్రీను. నాంచారమ్మకు ముప్పై అయిదు ఉంటాయి. నా ఒంటిచెప్పు చూసి ఏమీ అడక్కుండా తన చెప్పులు నా ముందు పెట్టింది, అవి సరిపోయాయి. రొయ్యల ఇగురు, ఎండు నెత్తళ్ళ వేపుడు, పొగలు కక్కే అన్నం. సంగటి తినే మనిషిని, అంత అన్నం ఎలా తిన్నానో నాకే తెలియదు. ఆమె మాత్రం పక్కన కూర్చుని కొసరుతూ, తను మెతుకులు కెలికి ఊరుకుంది.

"టీవీ అమ్మాయి కాదు గదండీ మీరు?"

"కాదమ్మా. పాఠాలు చెప్పుకుంటాను."

"ఏం పాఠాలు?"

చెప్పాను. క్లాసులో చెప్పేదే, పరీక్ష భాష తీసేసి చెప్పాను. యుద్ధంలో చేతికి చిక్కినవాడు ఎవరైనా సరే, అన్నం పెట్టాలి. కొట్టకూడదు. బొమ్మలా నిలబెట్టి జనానికి చూపించకూడదు. ఇంటికి కబురు పంపనివ్వాలి, ఇంటివాళ్ళ కబురు అతనికి అందనివ్వాలి. మీ ఆయన లాంటి పనివాళ్ళనైతే అసలు పట్టుకోవడమే తప్పు.

"ఎవరు పాటిస్తారండీ ఇయ్యన్నీ?" అంది.

ఇక్కడ బెల్లు లేదు కాబట్టి మొత్తం జవాబు చెప్పాను. గట్టిగా అడిగేవాళ్ళు ఉన్నచోట కొందరు పాటిస్తారు. మన మనిషి వాళ్ళ దగ్గరున్నట్టే వాళ్ళ మనుషులు ఇంకెవరి దగ్గరో ఉంటారు కాబట్టి కొందరు పాటిస్తారు. సిగ్గుపడి కొందరు. ఎవరూ అడక్కపోతే మాత్రం ఒక్కరూ పాటించరు.

"అయితే అడగాలన్నమాట," అని లేచి గిన్నెలు తీసింది.

మర్నాడు

పొద్దున్నే వేపచెట్టు కింద కుర్చీ వేసి, నా ఫోను ఒక స్టూలు మీద నిలబెట్టి, సుగుణ రాసిన కాగితం చేతికిచ్చాను. ఆమె చదువుకుంది, తొమ్మిది దాకా. మొదటి లైను చదివింది, ఆగింది. మళ్ళీ చదివింది. తర్వాత కాగితం నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టేసింది.

"ఏమనుకోకండి మేడం గారూ. ఈ మాటలు నాయి కాదు. మా ఆయన కూడా అక్కడ ఎవరో రాసిచ్చిందే చదివాడు గదా. ఆయన చదువుతుంటే ఆయనలా లేడండీ. నేనూ ఇట్టా చదివితే, విన్నా గానీ నన్ను గుర్తుపట్టడు."

"మరి మీ మాటలే చెప్పండి."

"ఏం చెప్పాలో తెలవట్లేదండీ. బతిమాలి బతిమాలి నోరు పోయింది. బతిమాలితే వినేవాళ్ళయితే ఎప్పుడో వినేవాళ్ళు."

నాకు నిస్పృహగా అనిపించింది. వారంలో పంపాలి, మధ్యాహ్నం పంటుకు తిరిగిపోవాలనుకున్నాను. ఆమె మాత్రం కొంగు దోపుకుని వంటకు కూర్చుంది. షెడ్డులో ఉన్నవాళ్ళకు ఈ పూట వంతు వీళ్ళ ఇంటిదట. పెద్ద గిన్నెలో చేపల పులుసు పెట్టింది. నేను ఉల్లిపాయలు తరిగాను, బాగా తరగలేదని పక్కకు తోసి ఆమే మళ్ళీ తరిగింది.

వేలం షెడ్డు

ఆమె అన్నం గిన్నె, నేను పులుసు గిన్నె మోసుకుంటూ వెళ్ళాం. దూరం నుంచే నవ్వులు వినపడ్డాయి. షెడ్డులో కుర్రకారు గుంపు. మధ్యలో ఆ ముగ్గురు చెవులు పట్టుకుని గుంజీలు తీస్తున్నారు. వాళ్ళలో పెద్దవాడు, వెంకన్న అట, యాభై దాటిన మనిషి. మోకాళ్ళు వంగక ప్రతిసారీ నేలకు చెయ్యి ఆనిస్తున్నాడు. శ్రీను ఎదురుగా నిలబడి ఫోన్లో తీస్తున్నాడు. "అంకెలు గట్టిగా లెక్కపెట్టాలి, మీ ఊరికి వినపడాల!"

నాంచారమ్మ గిన్నె కింద పెట్టింది.

"శ్రీనూ. ఆపు."

"ఉండొదినా, అయిపోయింది. స్టేటస్ పెడతాం. రేపటి నుంచి మన వలల జోలికి ఎవడొస్తాడో చూద్దాం."

"ముందు తీసెయ్యి దాన్ని."

"ఎందుకు తియ్యాలి?" శ్రీను గొంతు పెరిగింది. అన్న సంగతి అతన్ని లోపల ఎంత తినేస్తోందో ఆ గొంతులో తెలిసింది. "అన్నని ఇంతకన్నా ఘోరంగా చూపించారు గదా లోకమంతా! అప్పుడెవరన్నా ఆపారా?"

"ఎవురూ ఆపలా. అందుకే ఇప్పుడు నేను ఆపుతున్నా." ఆమె వెళ్ళి అతనికి, ఆ ముగ్గురికి మధ్య నిలబడింది. "మీ అన్న నీళ్ళు తాగడానికి వాడెవడి మొహమో చూసినప్పుడు నువ్వు గోడకేసి తల కొట్టుకున్నావురా. ఈయన్ని కూడా ఇంట్లో ఆడోళ్ళు చూస్తారు. తీసెయ్యి."

కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శ్రీను పళ్ళు బిగించి నిలబడ్డాడు. నేను మాట్లాడబోయి మానేశాను. ఇది వాళ్ళ ఇంటి మాట. అతను ఫోను వంక చూస్తూ వేలితో నొక్కాడు. ఇంకొకడు కూడా వీడియో తీశాడని ఆమెకు తెలుసు. వాడి ముందుకెళ్ళి చెయ్యి చాపింది. వాడూ తీసేశాడు.

అప్పటికి కోటయ్య గారు వచ్చారు. నాంచారమ్మ ఆయన వైపు తిరిగింది.

"పెదనాన్నా, వీళ్ళు మన దగ్గరున్నట్టు వీళ్ళ ఊరికి తెలుసా?"

"తెలిసే ఉంటదమ్మా."

"ఎవురు చెప్పారు?"

కోటయ్య గారు కుర్రాళ్ళ వైపు తిరిగారు. వెనకటి రోజుల్లో మనుషుల్ని పట్టి తెస్తే, అన్నం వండే లోపే ఒక నాటుపడవ వేసి అవతలి ఊరికి కబురు పంపేవాళ్ళట. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ పడవ వేయడం మానేశారు. ఎలాగూ వాళ్ళే ఫోను చేసుకుంటారని. ఈసారి కుర్రాళ్ళు, పోలీసులకు చెబుతారన్న భయంతో ఆ ముగ్గురి ఫోన్లూ ముందే లాగేసుకుని ఆపేశారు. వాళ్ళు ఫోన్లు లాక్కున్న సంగతి పెద్దలకు తెలియదు, కబురు పంపే పద్ధతి ఒకటుందని కుర్రాళ్ళకు తెలియదు. వాళ్ళను పట్టడానికి ముందు రాత్రి సముద్రం మీద పెద్ద గాలి వేసింది. నిన్నటి నుంచి అవతలి ఊళ్ళో ఏమనుకుంటూ ఉండాలి?

కోటయ్య గారు తుండుతో మొహం తుడుచుకున్నారు. "తప్పయిపోయింది," అన్నారు, చాలా మెల్లగా.

నాంచారమ్మ జాకెట్లోంచి తన ఫోను తీసి వెంకన్న ముందు పెట్టింది. శ్రీను గబుక్కున, "ఒదినా, అన్న చేస్తే?" అన్నాడు. ఆ ఫోను ఆమె ఎవరి చేతికీ ఇవ్వదట, తను కూడా దానితో ఎవరికీ చేయదట. ఏ నిమిషాన మోగుతుందో అని.

"ఎంగేజీ వస్తే మళ్ళీ చేస్తాడు. ముందు ఈయన్ని మాట్లాడనీ. నంబరు చెప్పు బాబాయ్."

వెంకన్న చెప్పాడు. ఆమే నొక్కి, అందరికీ వినపడేలా పెట్టింది. అటు ఒక ఆడమనిషి ఎత్తింది. ఎవరండీ అని కూడా అడగలేదు, ఊపిరి మాత్రం వినిపించింది.

"నేనే," అన్నాడు వెంకన్న. "బానే ఉన్నా. ముగ్గురం ఉన్నాం. అవతలి ఒడ్డున."

అటువైపు నుంచి వచ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. ఒక్క గొంతు కాదు. ఆవిడ "ఉన్నారంట, ఉన్నారంట" అని అరుస్తుంటే వెనక ఇంకెందరో ఆడవాళ్ళు ఏడుస్తున్నారు, అప్పటికే ఒడ్డున చేరి నీళ్ళలోకి చూస్తున్నవాళ్ళు. నిన్నటి నుంచి పడవ మునిగిందనే అనుకుంటున్నారు. షెడ్డులో కుర్రాళ్ళు తలలు దించుకున్నారు. శ్రీను బయటకు వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నాంచారమ్మ ఏడవలేదు. ఆ ఏడుపు వింటూ, కళ్ళు మూసుకుని, అది అయిపోయేదాకా నిలబడింది. తర్వాత కూర్చుని వాళ్ళకు అన్నం వడ్డించింది. వెంకన్నకు తోక ముక్క వేయబోయి, తీసి, నడుం ముక్క వేసింది.

చెయ్యి కడుక్కుంటూ అతను అడిగాడు. "నీ ఇంటాయన పేరేందమ్మా?"

"సాంబశివుడు."

"సాంబశివుడు," అని ఒకసారి అనుకుని, తల ఊపాడు.

మళ్ళీ వేపచెట్టు కింద

ఎండ తగ్గేసరికి అవతలి ఊరి పెద్దలు పడవ మీద వచ్చారు. అరుపులు, కేకలు, చివరికి టీలు. చిరిగిన వలలు అల్లి ఇవ్వడానికి వాళ్ళు ఒప్పుకున్నారు. ఇకముందు ఎవరిని పట్టినా పొయ్యి వెలిగించే ముందు కబురు పంపాలని రెండూళ్ళ పెద్దలూ అనుకున్నారు. పట్టడమే మానుకోమని నేను మళ్ళీ చెప్పాను. "చూద్దామండీ" అన్నారు. ఈ జిల్లాలో చూద్దామండీ అంటే ఏమిటో నాకు అప్పటికే అర్థమైంది, అయినా ఇంకోసారి చెప్పాను.

నీలం పడవ నీళ్ళలోకి దిగాక నాంచారమ్మ నా దగ్గరకొచ్చింది. "ఫోను పెట్టండి మేడం గారూ. చెప్తా."

తీశాను. ఒక్కసారే. తడబడలేదు, ఏడవలేదు. అయిపోయాక సుగుణకు ఫోను చేసి వినిపించాను.

"బాగుంది," అంది సుగుణ. ఆ వెంటనే వకీలు గొంతు వచ్చేసింది. "కానీ ఆ మధ్య ముక్క తీసెయ్. మేం మనుషుల్ని పట్టి ఉంచామని ఆమే ఒప్పుకుంటోంది. రేపు ఎవరైనా కేసు పెడితే ఊరంతా ఇరుక్కుంటుంది."

సుగుణ చెప్పింది నిజమే. చట్టం నాకూ తెలుసు. కానీ ఆ ముక్క తీసేస్తే మిగిలేది ఇంకొక బతిమాలుడు, అలాంటివి ఆ దళం దగ్గర ఎన్ని పడి ఉంటాయో. నేను తీయనన్నాను. సుగుణ నన్ను నాలుగు తిట్టింది. నిర్ణయించాల్సింది మేమిద్దరం కాదు కాబట్టి కోటయ్య గారిని పిలిచి, జరగబోయేది ఏదీ దాచకుండా చెప్పాను. ఊరి పేరు ఎక్కడా రానివ్వను, అయినా భయం ఉంది, వద్దంటే ఇప్పుడే తీసేస్తాను అన్నాను. నాంచారమ్మ ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆయన మొత్తం విన్నారు, మళ్ళీ ఒకసారి పెట్టమన్నారు, మళ్ళీ విన్నారు.

"చేసిందే గదా చెప్పింది," అన్నారు. "పోనీయండి. అట్టాగే పోనీయండి."

అలాగే పంపాం. మీరు కూడా వినాలని, ఆమె అనుమతితో, ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ రాస్తున్నాను.

"నా పేరు నాంచారమ్మ. మీ దగ్గరున్న సాంబశివుడి భార్యని. ఆయన వంటోడు. మీకు వండి పెట్టమంటే పెడతాడు, తుపాకీ పట్టుకోవడం రాదు. నేను ఏడవడానికి రాలా. ఒక సంగతి చెబుదామని వచ్చా. నిన్న మా ఊరోళ్ళు కూడా ముగ్గుర్ని పట్టుకున్నారు. మా వలలు చించారని కోపం. ఎగతాళి చేసి ఫోన్లో తీశారు, నేను తీసేయించా. అన్నం నేనే వండి పెట్టా. వాళ్ళు బతికున్నారో లేదో వాళ్ళ ఆడోళ్ళకి తెలవదు, అందుకని నా ఫోనే ఇచ్చి మాట్లాడించా. మాట్లాడినందువల్ల మాకేం పోలా. కోపం తీరాక ఇంటికి పంపేశాం. మీ కోపం ఎవరి మీదో నాకు తెలవదు. అది తీరేదాకా ఆగుతా. మా దగ్గరున్నోళ్ళని మేం మాట్లాడించాం. మా ఆయన్ని మీరు మాట్లాడించండి."